కొటియాలో రెండు కార్డులు, మైత్రిలో ఒక పానా

మంగళవారం, నవంబర్ 18, 2025

బావ బొలెరో వెనక తలుపు తీస్తే చిన్న స్పేర్ పార్టుల దుకాణమే. రెండు ఫ్యాన్ బెల్టులు, ఫ్యూజులు, రేడియేటర్ గొట్టం, ఇంజిన్ ఆయిల్ డబ్బా, టేపు చుట్టలు, తుడవడానికి పాత బనీన్లు. నా బ్యాగు పెట్టడానికి చోటు లేదు.

"మనం వెళ్తున్నది పొట్టంగి బావా, అంటార్కిటికా కాదు" అన్నాను.

"అక్కడికి ఓడ ఏడాదికోసారి వస్తాదిరా. ఒక బోల్టు మర్చిపోయావంటే మళ్లీ ఏడాది" అన్నాడు. అలవాటు పోలేదు.

మా అక్క మొగుడు డీజిల్ జనరేటర్ల మెకానిక్. 2021 నవంబరులో బయల్దేరిన 41వ భారత అంటార్కిటికా యాత్రలో మైత్రి స్థావరానికి వెళ్లి, అక్కడి చలికాలం అంతా గడిపి వచ్చాడు. పుట్టింది, పెరిగింది మాత్రం ఒడిశాలోని సునాబెడలో. తండ్రి పోయాక ఆ ఊరు మళ్లీ చూడలేదు. నాకేమో పేపర్లో చదవడమే గానీ చూడని కొటియా చూడాలని. ఇద్దరి కోరికలూ ఒకే దారిలో పడ్డాయి.

సాలూరులో ఇడ్లీ తిని నేరెళ్లవలస వైపు కొండెక్కాం. దారి పొడవునా కొండచీపుళ్ల గుబుర్లు, మధ్యమధ్య వలిసె పూల పసుపు. ఎక్కడ మన రాష్ట్రం అయిపోయిందో, ఎక్కడ ఒడిశా మొదలైందో చెప్పేవాళ్లు లేరు. చెప్పగలిగితే గొడవే ఉండేది కాదు.

తెలియనివాళ్ల కోసం కథ కొంచెం చెప్పాలి. ఇక్కడ 21 ఊళ్లు ఉన్నాయి. సాలూరు మండలంలోవని మనం అంటాం, కోరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకులోవని వాళ్లు అంటారు. 1936 ఏప్రిల్‌లో ఒడిశా వేరు పడ్డప్పుడు ఈ కొండల్లో సరిహద్దు సరిగ్గా తేలలేదు. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్లింది. ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత, 2006లో, ఇది మేం తేల్చేది కాదు, ఉన్నది ఉన్నట్టు ఉంచండి అని కోర్టు చెప్పింది. ఆ 'ఉన్నది ఉన్నట్టు' ఇప్పటికీ నడుస్తోంది. 2021 ఫిబ్రవరిలో మనవాళ్లు మూడు ఊళ్లలో పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా కోర్టు ధిక్కారం కేసు వేసింది. అదే ఏడాది నవంబరులో ఇద్దరు ముఖ్యమంత్రులూ భువనేశ్వర్‌లో కలిసి మాట్లాడుకున్నారు. మాటలు బాగానే జరిగాయి. ఊళ్లు ఎవరివో అక్కడా తేలలేదు.

ఒక ఇంటి అరుగు మీద అల్లం ఆరబెడుతున్న ముసలమ్మ దగ్గర కూర్చున్నాం. ఆమెకు తెలుగు వచ్చు, ఒడియా వచ్చు, ఇంట్లో మాట్లాడేది కువి. కార్డుల గురించి అడిగితే లోపలికెళ్లి బిస్కెట్ల రేకు డబ్బా తెచ్చింది. అందులో రెండు ప్లాస్టిక్ కవర్లు. ఒకదానికి ఎర్ర రబ్బరు బ్యాండు, ఇంకోదానికి దారం. రబ్బరు బ్యాండుది ఒడిశా, దారంది ఆంధ్రా. రేషన్ కార్డు అందులో ఒకటి, ఇందులో ఒకటి. ఓటరు కార్డూ అంతే. రెంటి మీదా ఫొటోలో ముక్కుకు అవే నత్తులు, వయసు మాత్రం వేరు. ఒకదాని ప్రకారం ఆమె ఇంకోదానికన్నా ఐదేళ్లు చిన్నది.

"ఏ బియ్యం బాగుంటాయమ్మా?" అన్నాను.

"ఉడికితే అన్నమే బాబూ."

బావ ఆ రెండు కార్డుల్నీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. "అచ్చం నాలుగో ఆర్టికల్ రా" అన్నాడు.

అంటార్కిటికా మీద ఏడు దేశాలు హక్కు చెప్పుకుంటాయి. బ్రిటన్, ఫ్రాన్స్, నార్వే, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, చిలీ, అర్జెంటీనా. వీటిలో బ్రిటన్, చిలీ, అర్జెంటీనా గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. 1959 డిసెంబర్ 1న 12 దేశాలు వాషింగ్టన్‌లో ఒప్పందం రాసుకున్నప్పుడు, ఈ హక్కులు ఉన్నాయనీ అనలేదు, లేవనీ అనలేదు. ఒప్పందం నడిచినంత కాలం పాత హక్కు చావదు, కొత్తది పుట్టదు, ఇక్కడ ఏం చేసినా అది ఎవరి హక్కుకూ సాక్ష్యం కాదు అని నాలుగో ఆర్టికల్‌లో రాశారు. ప్రచ్ఛన్నయుద్ధం మంచి ఊపు మీదున్న రోజులవి. అమెరికా, సోవియట్ రెండూ సంతకం పెట్టాయి. మనం 1983లో చేరాం. మన మైత్రి ఉన్న నేల నార్వే తనదంటుంది. భారతి స్థావరం ఉన్న నేల ఆస్ట్రేలియా తనదంటుంది. మనల్ని అద్దె మాత్రం ఎవరూ అడగలేదు.

హక్కుల్ని ఇలా గడ్డకట్టించడం అంటే గొడవ పోవడం కాదని కొటియా చూస్తే తెలుస్తుంది. కొత్త సిమెంటు రోడ్లు, పథకాల బోర్డులు రెండు వైపులవీ ఉన్నాయి. సాక్ష్యం కాదంటూనే సాక్ష్యాలు పోగుచేసుకోవడం అన్నమాట. అక్కడా ఇదే తంతు. అర్జెంటీనా ఒక గర్భిణిని ఏడో నెలలో విమానంలో తన ఎస్పెరాంజా స్థావరానికి పంపితే, 1978 జనవరిలో ఎమిలియో పాల్మా అనే పిల్లవాడు పుట్టాడు. అంటార్కిటికా నేల మీద పుట్టిన మొదటి మనిషి. చిలీ ఊరుకుంటుందా? కుటుంబాలతో చిన్న ఊరే కట్టింది.

ముసలమ్మ అంతా విని, "ఆ మంచు దేశంలో నీకు ఏ కార్డిచ్చారు?" అని బావను అడిగింది.

"అక్కడ కార్డుల్లేవమ్మా. మేమున్న చోట అసలు ఊళ్లే లేవు."

"ఊళ్లు లేని చోట దేనికి కొట్టుకుంటారు?"

బావ నా వైపు చూశాడు. నేను అల్లం వైపు చూశాను.

ఆమె పొలంలో చోళ్లు, అంటే రాగులు, కోతకొచ్చే వేళ వాన పడి వాలిపోయాయట. వానలు రావాల్సినప్పుడు రావడం లేదు, వెళ్లాల్సినప్పుడు వెళ్లడం లేదు అంది. గోవాలోని మన ధ్రువ పరిశోధనా కేంద్రం శాస్త్రవేత్తలు, రష్యాకు ఉత్తరాన కారా సముద్రంలో మంచు తగ్గడానికీ, మన దగ్గర సెప్టెంబరు చివర్లో పడే కుండపోతలకూ సంబంధం ఉండొచ్చని 2021లో రాశారు. ఉండొచ్చు అనే అన్నారు. ఆ వాలిన చోళ్లను కారా సముద్రానికి ముడిపెట్టే ధైర్యం నాకు లేదు. కానీ ఆ ముడి ఉందో లేదో తేలాలంటే రష్యా సముద్రంలో కొలతలు కావాలి. ఆ సంగతి గురువారం వచ్చింది.

రాత్రికి సాలూరు తిరిగొచ్చి లాడ్జిలో పడుకున్నాం. దోమలు.

బుధవారం

సుంకి ఘాట్‌లో లారీల వెనక గంటన్నర. పొట్టంగి దాటాక చలి మొదలైంది. దూరంగా దేవమాలి, 1,672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తయిన కొండ. మబ్బు కప్పుకుని ఉంది, దాని గురించి అంతకన్నా చెప్పలేను.

సునాబెడ. 1964లో ఇక్కడ హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వాళ్లు మిగ్ విమానాల ఇంజిన్ల కోసం ఫ్యాక్టరీ పెట్టారు. సోవియట్ సాంకేతికత. పని నేర్పడానికి అక్కడి నిపుణులు వచ్చారు. పని నేర్చుకోవడానికి విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి తెలుగువాళ్లు బోలెడుమంది వచ్చారు. బావ వాళ్ల నాన్న వాళ్లలో ఒకడు. సెప్టెంబరులో మిగ్-21లను వాయుసేన సాగనంపినప్పుడు టీవీ ముందు కూర్చుని బావ మాట్లాడలేదని అక్క చెప్పింది.

వాళ్లు ఉన్న క్వార్టర్‌లో ఇప్పుడు వేరేవాళ్లు ఉన్నారు. బావ గేటు దగ్గరే నిలబడ్డాడు. పెరట్లో పనసచెట్టు ఉందా అని మాత్రం తొంగి చూశాడు. ఉంది. ఇంట్లోంచి ఒకావిడ వచ్చి ఒడియాలో ఏం కావాలని అడిగింది. బావ ఒడియాలోనే ఏదో చెప్పాడు. ఆవిడ నవ్వి మంచినీళ్లిచ్చింది.

సాయంత్రం టీకొట్టు దగ్గర బండి వెనక తలుపు తీసి, బనీను గుడ్డలో చుట్టిన ఒక పానా బయటికి తీశాడు. రెండు మూతుల పానా, ఒకవైపు 17, ఇంకోవైపు 19. పైపూత పట్టుకునే చోట అరిగిపోయి లోపలి ఇనుము నల్లగా మెరుస్తోంది. కాడ మీద నాలుగక్షరాలు. ఇంగ్లీషనుకుని సీసీసీపీ అని చదివాను. రష్యన్ అట. ఎస్‌ఎస్‌ఎస్‌ఆర్, అంటే సోవియట్ యూనియన్. వాళ్ల నాన్నదనుకున్నాను.

"కాదు. నోవోది."

మైత్రికి ఐదు కిలోమీటర్ల లోపే రష్యావాళ్ల స్థావరం ఉంది, నోవోలజారెవ్‌స్కాయా. అందరూ నోవో అంటారు. 1961 నుంచీ ఉంది. మనకీ వాళ్లకీ ఒకటే షిర్మాకర్ ఒయాసిస్, మంచు మధ్య రాతినేల ఉన్న కాస్త చోటు. కేప్‌టౌన్ నుంచి వచ్చే విమానం దిగేది నోవో దగ్గరి మంచు రన్‌వే మీదే. పదకొండు దేశాలు కలిసి నడుపుకునే ఏర్పాటు అది.

బావకు ఆ స్థావరం మీద భక్తి ఉంది. దానికి కారణం రొగోజొవ్ అనే డాక్టరు. 1961 ఏప్రిల్ చివర్లో, నోవోలో ఉన్న ఒకే ఒక్క డాక్టరుకు అపెండిసైటిస్ వచ్చింది. విమానం రాదు, ఓడ రాదు. తన పొట్ట తానే కోసుకుని, అపెండిక్స్ తీసి, కుట్టుకున్నాడు. బతికాడు. ఈ కథ చాలామందికి తెలుసు. బావ చెప్పే తీరు వేరు. "అద్దం పట్టుకుని నిలబడిందెవరో తెలుసా? ఒక మెకానిక్కు."

2022 ఫిబ్రవరి 24న యుద్ధం మొదలైన కబురు మైత్రికీ చేరింది. తర్వాత కొన్నాళ్లకు నోవోవాళ్లు ఆవిరిస్నానానికి పిలిచారు. బాన్యా అంటారట. వెళ్లాలా వద్దా అని ఎవరూ ఢిల్లీని అడగలేదు, వెళ్లారు. చెక్కగదిలో ఎర్రగా కాలిన రాళ్ల మీద నీళ్లు చల్లుకుంటూ కూర్చున్నారు. "యుద్ధం ఊసు ఎత్తారా?" అన్నాను. "ఎత్తి ఏం చేస్తాం రా? బయట మైనస్ ముప్పై." ఒకతని ఫోన్లో కొడుకు ఫొటో ఉంది, సైనికుడి వయసే. అతను చూపించాడు, వీళ్లు చూశారు.

తిరిగొచ్చేటప్పుడు షెడ్డులో ఒక ముసలి మెకానిక్ ట్రాక్టర్ కింద పడుకుని చెయ్యి బయటికి చాపి తడుముకుంటున్నాడట. బావ చటుక్కున "క్ల్యూచ్?" అని పానా చేతిలో పెట్టాడు. చిన్నప్పుడు సునాబెడలో నాన్న నోట విన్న మాట. రష్యన్‌లో పానానీ, తాళంచెవినీ అదే మాటతో పిలుస్తారు. ముసలాయన ట్రాక్టర్ కిందనుంచి పాక్కుంటూ బయటికొచ్చి, ఈ నల్లటి మనిషి ఎవడా అని చూశాడు. వెళ్లే రోజున ఆ పానా ఇచ్చేశాడు.

ఇదంతా విని పొంగిపోవద్దు. మెకానిక్కుల మధ్య నడిచింది మంత్రుల మధ్య నడవదు. అంటార్కిటికా ఒప్పందం సమావేశాల్లో ఏదైనా అందరూ ఒప్పుకుంటేనే జరుగుతుంది, ఓటింగ్ లేదు. 2022లో బెర్లిన్‌లో రష్యా ప్రతినిధి మాట్లాడుతుంటే చాలామంది లేచి బయటికెళ్లారు. ఎంపరర్ పెంగ్విన్లకు ప్రత్యేక రక్షణ ఇద్దామంటే చైనా ఒప్పుకోలేదు, ఆగిపోయింది. 2024 మే నెలలో 46వ సమావేశం మన కొచ్చిలోనే జరిగింది. కెనడా తనకూ నిర్ణయాల్లో పాలుపంచుకునే హోదా కావాలని అడిగింది, బెలారస్ కూడా అడిగింది. ఇద్దరికీ దొరకలేదు. ఒకరిని రానిస్తే ఇంకొకరిని రానివ్వాలి, అదీ పేచీ. ఖనిజాల తవ్వకం నిషేధం మాత్రం ఇంకా గట్టిగానే ఉంది. 1991లో మాడ్రిడ్‌లో రాసుకున్నారు, 1998 నుంచి అమలు. 2048 తర్వాత, నిర్ణయాల్లో పాలుపంచుకునే హోదా ఉన్న ఏ దేశమైనా సమీక్ష అడగొచ్చు. కొటియా కొండల్లోనూ ఖనిజాలున్నాయనే మాట ఉంది కదా, టీకొట్టులో ఆ ప్రస్తావన రాగానే పక్క బెంచీ మీద కూర్చున్న ఇద్దరు మాటలాపి మావైపు తిరిగారు.

గురువారం

నందపూర్, లమతాపుట్ మీదుగా ఓనకడెల్లి. గురువారం ఇక్కడ సంత. బొండా ఆడవాళ్లు పూసల దండలతో, మెడ నిండా లోహపు కడియాలతో కొండ దిగి వస్తారని ఫొటోలు తీసేవాళ్లు కాచుకుని ఉంటారు. నేను ఫోన్ తియ్యలేదు. అడ్డాకుల్లో పోసిన జీలుగు కల్లు తాగి, ఎండుచేపల దగ్గర ఆగాను.

చేపలమ్మి బేరం చేస్తుంటే బావ ఇంకో కథ అందుకున్నాడు. ఉత్తర ధ్రువం చుట్టూ సముద్రం మధ్యలో ఏ దేశానికీ చెందని నీళ్లు 28 లక్షల చదరపు కిలోమీటర్లు ఉన్నాయి. మంచు కరుగుతోంది, రేపు ట్రాలర్లు వెళ్లగలవు. అక్కడ ఏ చేప ఎంత ఉందో ముందు తెలుసుకుందాం, అప్పటిదాకా ఎవరూ వల వెయ్యొద్దు అని 2018లో తొమ్మిది దేశాలు, యూరోపియన్ యూనియన్ కలిసి సంతకం పెట్టాయి. పదహారేళ్ల నిషేధం, 2021 నుంచి అమలు. అమెరికా, రష్యా, చైనా మూడూ అందులో ఉన్నాయి. చేపలు పట్టడం మొదలుకాక ముందే పట్టొద్దనుకున్నారు. నాకు ఈ మొత్తం వ్యవహారంలో నచ్చిన కాగితం అదొక్కటే.

ఉత్తరాన మిగతా కాగితాల పరిస్థితి బాగాలేదు. ఆర్కిటిక్ కౌన్సిల్ 1996లో ఎనిమిది దేశాలతో మొదలైంది. సైనిక విషయాలు ఇక్కడ మాట్లాడకూడదని మొదటే రాసుకున్నారు. ఆరు ఆదివాసీ సంఘాలకు బల్ల దగ్గర శాశ్వతంగా కుర్చీలు వేశారు. మనం 2013 నుంచి పరిశీలకులం. 2022 మార్చిలో, రష్యా అధ్యక్షస్థానంలో ఉండగానే, మిగతా ఏడు దేశాలు సమావేశాలకు రామన్నాయి. తర్వాత ఫిన్లాండ్, స్వీడన్ కూడా నాటోలో చేరాయి. ఇప్పుడు ఎనిమిదింటిలో ఏడు నాటో, ఎనిమిదోది రష్యా. గ్రీన్‌లాండ్ మాకు కావాలని అమెరికా అధ్యక్షుడు అంటున్నాక ఆ ఏడింటి మధ్య కూడా మునుపటి మాట లేదు. 2024లో నిపుణుల బృందాలు ఆన్‌లైన్‌లో మళ్లీ కలిశాయి, అంతమాత్రం.

ఆర్కిటిక్ తీరంలో సగానికి పైగా రష్యాదే. అక్కడి గడ్డకట్టిన నేల ఎంత కరుగుతోంది, ఎంత మీథేన్ వస్తోంది అనే కొలతలు బయటివాళ్లకు అందకపోతే సగం థర్మామీటర్ చూసి జ్వరం చెప్పాలి. కారా సముద్రం సంగతీ అంతే.

ఆదివాసీల కుర్చీలు అన్నాను కదా. సామీలు నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యా నాలుగింటా ఉన్నారు. 2022లో సామీ మండలి రష్యా వైపు సామీ సంఘాలతో సంబంధాలు ఆపేసింది. ముసలమ్మ కొడుక్కి పిల్లనిచ్చిన ఊరు అవతలి రాష్ట్రంలో ఉందని మంగళవారం చెప్పింది. ఈ సంతలో ఆ మాట గుర్తొచ్చింది. ఇక్కడ గదబలు, పరజలు, బొండాలు, మన ముంచింగిపుట్టు వైపు నుంచి వచ్చినవాళ్లు ఒకే తక్కెడ దగ్గర తోసుకుంటున్నారు. ఎవరిది ఏ రాష్ట్రమో తక్కెడకు పట్టలేదు.

మధ్యాహ్నం మాచ్‌ఖండ్. కరెంటు కేంద్రం లోయ అడుగున ఉంది, కిందికి దిగడానికి వించ్ ట్రాలీ. అనుమతి లేదు కాబట్టి పైనుంచే చూశాం. నేల ఒడిశాది. నడిపేది ఆంధ్రా జెన్‌కో. 1955 నుంచి తిరుగుతున్న యంత్రాలు, మొత్తం 120 మెగావాట్లు. మొదట్లో మనకు 70 వంతులు, వాళ్లకు 30. ఇప్పుడు చెరిసగం. కొటియా గొడవ కోర్టులో నలుగుతున్న అన్నేళ్లూ ఇది ఆగలేదు.

"ఇది స్వాల్బార్డ్ లాంటిది" అన్నాడు బావ. అది నార్వే ద్వీపాల గుంపు. 1920 ఒప్పందం ప్రకారం నేల నార్వేదే, కానీ సంతకం చేసిన దేశాల వాళ్లందరికీ అక్కడ పని చేసుకునే హక్కు సమానం. బ్రిటిష్ కాలంలోనే ఇండియా పేరు అందులో పడింది. మన హిమాద్రి స్థావరం 2008 నుంచి అక్కడే. రష్యావాళ్లు బారెంట్స్‌బర్గ్‌లో ఇప్పటికీ బొగ్గు తవ్వుతున్నారు, నార్వే నాటోలో ఉన్నా.

మాచ్‌ఖండ్‌కీ స్వాల్బార్డ్‌కీ ఎలా కుదురుతుందని నేను వాదించాను. ఇక్కడ ఆనకట్ట కింద ఊళ్లు మునిగాయి, వాళ్లకు సగం వాటా రాలేదు. బావ ఒప్పుకున్నాడు. వించ్ పైకొస్తుంటే దాని చప్పుడు విని, "గ్రీజు పెట్టాలి" అన్నాడు.

శుక్రవారం

జలాపుట్ దాటి ముంచింగిపుట్టు వైపు వస్తుంటే వెనక టైరు పంక్చర్. రెండు ఫ్యాన్ బెల్టులు, రేడియేటర్ గొట్టం, ఫ్యూజులు అన్నీ దించి స్టెప్నీ బయటికి తీశాం. అందులో గాలి లేదు.

నేను నవ్వలేదు. నవ్వితే అరకు దాకా నడిపిస్తాడు.

నలభై నిమిషాలకు ఒక ఆటో వచ్చింది. టైరుతో పాటు బావ వెళ్లాడు, సామాన్లకు కాపలాగా నేను. తిరిగొచ్చి టైరు బిగించాక డాష్‌బోర్డులోంచి చిన్న నోటుబుక్కు తీశాడు. మైత్రిలో జనరేటర్ల లెక్కలు రాసుకున్న పుస్తకమే, సగం పేజీలు ఇంకా ఖాళీ. చేతి మసి పేజీకి అంటుతుంటే పట్టించుకోకుండా తేదీ వేసి రాశాడు: "స్టెప్నీ. గాలి చూడాలి."